తిమోతికి ఒక అవ్వ కావాలి

మేం దోహాలో ఉన్న రోజుల్లో, అంటే తొంభైల్లో, అక్కడ చర్చి కట్టుకునే వీలు లేదు. సెలవు శుక్రవారం కాబట్టి మా ఆరాధన కూడా శుక్రవారమే, అదీ మా ఫ్లాట్ హాల్లోనే జరిగేది. సోఫాలు పడగ్గదిలోకి జరపడం, కార్పెట్ మీద దుప్పట్లు పరవడం, గుమ్మం బయట గుట్ట కనపడకుండా అందరి చెప్పులూ పాలిథిన్ సంచుల్లో పెట్టించి లోపలికి తెప్పించడం, అంతా అయ్యాక ఉప్మా, టీ, గ్లాసులు కడగడం నా పరిచర్య. వాక్యం చెప్పడం, ఎవరు పరిశుద్ధులో ఎవరు కాదో తేల్చడం మగవాళ్ళ పరిచర్య. ఏది కష్టమో వేరే చెప్పాలా?

పాడితే పాట ఏసీ మోతలో కలిసిపోవాలి, చప్పట్లు కొట్టకూడదు. ఈ మాత్రానికే మా పెద్దలు తమని తాము హింసలో ఉన్న సంఘం అని పిలుచుకునేవారు. నాకు తెలిసిన హింస ఒకటే. కింది ఫ్లాట్ ఈజిప్టు ఆవిడ ఒకసారి పైకొచ్చి తలుపు కొట్టి, పిల్లాడు నిద్రపోతున్నాడు, కాస్త మెల్లగా పాడుకోమంది. ఒక గిన్నెడు ఉప్మా పంపితే మళ్ళీ రాలేదు. మా సహవాసం పెద్ద మాత్రం సెలవు మీద ఇండియా వెళ్ళినప్పుడల్లా ఆ తలుపు చప్పుడు గురించి ఊరూరా సాక్ష్యం చెప్పేవాడు. వినేవాళ్ళకి కత్తులు పట్టుకుని సైనికులు వచ్చారేమో అనిపించేది.

ఆ పెద్దాయన ఒక కంపెనీలో అకౌంటెంటు. గుంటూరు వైపు మనిషి. మీసానికి రంగు వేసేవాడు, తలకి వేసేవాడు కాదు, ఎందుకో దేవుడికే తెలియాలి. మా ఆయనకి ఆ కంపెనీలో ఉద్యోగం వేయించింది ఆయనే. ఆ కృతజ్ఞతతో మా ఆయన ఆ పెద్దాయన ఏమన్నా ఆమెన్ అనేవాడు, అలా అనీ అనీ సంఘ పెద్దల్లో ఒకడయ్యాడు. నేను సంఘ పెద్దగారి భార్యనయ్యాను. అంటే ఉప్మా ఇంకో కిలో ఎక్కువ.

మా దగ్గరికి వచ్చేవాళ్ళలో దోహా పక్కనే ఉన్న అల్ రయ్యాన్ నుంచి ఒక కుర్రాడు ఉండేవాడు. అక్కడ ఒక అరబ్బు ఇంట్లో హౌస్ డ్రైవరు. కడప జిల్లా పల్లెటూరివాడు, మీసం కూడా సరిగ్గా రాలేదు. వాళ్ళ మేడం ఎక్కడికీ వెళ్ళనంటేనే అతనికి శుక్రవారం. వచ్చినప్పుడు గోడ వార కూర్చునేవాడు, అడిగితే తప్ప నోరు విప్పేవాడు కాదు. ప్రసంగం అతని వల్ల అయ్యేది కాదు. నిలబడి మాట్లాడమంటే కడుపులో తిప్పేస్తుందనేవాడు.

కానీ అల్ రయ్యాన్‌లో మన ఆడవాళ్ళు, అంటే ఇళ్ళలో పనికి వచ్చిన గోదావరి వాళ్ళు, కడప వాళ్ళు, అతన్ని మా పాస్టరు అని పిలిచేవారు. మేడాలు పెళ్ళిళ్ళకి వెళ్తే పనివాళ్ళు బయట కార్ల దగ్గర కాచుకుని ఉంటారు కదా, ఆ కార్ల మధ్యే వీళ్ళ కూడిక. అతను ఒక మాట చదివేవాడు, ఒక ప్రార్థన చేసేవాడు. ఒకరికి జ్వరం బిళ్ళలు, ఇంకొకరికి ఊరి నుంచి వచ్చిన ఉత్తరం తెచ్చి ఇచ్చేవాడు. ఎవరిని కొట్టారో, ఎవరికి తిండి పెట్టడం లేదో అతనికి తెలిసేది. మా పెద్దలకి ఇదంతా తెలిసి నవ్వుకున్నారు. డ్రైవరు పాస్టరయ్యాడట, స్టీరింగే పుల్పిట్టట అని మా ఆయన ఇంటికొచ్చి మరీ చెప్పాడు. ఎవరన్న మాటో నాకు తెలుసు, మా ఆయనకి సొంతంగా అంత తోచదు.

ఆ ఆడవాళ్ళకి లేనిది ఒకటే. రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారాన్ని మేం బల్ల అంటాం. మాలో పుట్టినవాళ్ళకి ఆ బల్ల దూరమైతే ప్రాణం ఎంత కొట్టుకుంటుందో బయటివాళ్ళకి చెప్పడం కష్టం. శుక్రవారం అరబ్బు ఇళ్ళకి చుట్టాలొచ్చే రోజు, వంటవాళ్ళని గుమ్మం దాటనివ్వరు. వాళ్ళు మా హాలుకి రాలేరు. అతను తీసుకెళ్ళి ఇద్దామంటే, పెద్దలు తల మీద చేతులు పెట్టి అభిషేకించినవాళ్ళు తప్ప బల్ల ఇవ్వకూడదని మా నియమం. అతను పనిచేసే ఇంట్లోనే వంట చేసే కోనసీమ ఆవిడ ఒకామె, భర్త పోయిన మనిషి, అతని చేత మాకు కబురు పంపింది. ఖతార్ వచ్చిన దగ్గర్నుంచి తనకి ఒక్కసారీ బల్ల దొరకలేదని, వెళ్ళిపోయేలోగా దొరుకుతుందా అని.

"పెద్దలెవరైనా ఒకసారి వెళ్ళి రాకూడదా?" అని నేను మా ఆయన్ని అడిగాను.

"అరబ్బు ఇంటి వంటగదిలోకా? ఉద్యోగాలు ఊడతాయే."

"అయితే ఆ అబ్బాయి మీదే చేతులు పెట్టండి. రోజూ అక్కడే ఉంటాడు."

మా ఆయన పెద్దాయన్ని అడిగాడు. పెద్దాయన ఆలోచించాడు. ఇండియా నుంచి ఒక గొప్ప దైవసేవకుడు విజిట్ వీసా మీద వస్తున్నాడు, అల్ రయ్యాన్‌కి ఒక నాయకుణ్ణి ఆయన చేతుల మీదుగానే నిలబెడదాం అన్నాడు. ఆ మాటకి నేను సంతోషించాను. పెద్దాయన భార్య తమ్ముడు ఆ నెలలోనే ఫ్యామిలీతో దోహాలో దిగాడని, ఆఫీసు ఉద్యోగమని, కొత్త కారు కొన్నాడని నాకు తెలుసు. రెండూ కలిపి చూడలేదు.

దైవసేవకుడు వచ్చేలోగా మమ్మల్ని సిద్ధం చేయడానికి పెద్దాయన బైబిల్లో పౌలు శిష్యుడైన తిమోతి జీవితం మీద వరస పాఠాలు మొదలుపెట్టాడు. ఆదిమ సంఘంలో యువ నాయకుడు అని ఒక చార్టు కూడా రాయించి మా గోడకి టేపుతో అంటించాడు. ఆ టేపు పీకితే సున్నం ఊడింది, అది వేరే సంగతి. తిమోతి తల్లి యూదురాలు, తండ్రి గ్రీకువాడు. తండ్రి గురించి అంతకంటే ఏమీ లేదు కాబట్టి మనమూ మాట్లాడుకోనక్కర్లేదు అన్నాడు. సున్నతి దగ్గరికి వచ్చేసరికి, ఆడవాళ్ళున్నారని, గొంతు సవరించుకుని తర్వాతి ఊరికి వెళ్ళిపోయాడు. యౌవనాన్ని బట్టి ఎవరూ అతన్ని తృణీకరించకూడదని పౌలు అన్న మాట మీద ఒక గంట చెప్పాడు. ఆ గంటలో గోడ వార కూర్చున్న కుర్రాణ్ణి లేపి మూడుసార్లు మంచినీళ్ళు తెమ్మన్నాడు.

నాకు పాఠంలో తిమోతి వేరుగా కనపడ్డాడు. పౌలు ఊరూరికీ తోలే మనిషి. ఆ ఊళ్ళో గొడవైంది, నువ్వు వెళ్ళు. ఈ ఊళ్ళో తప్పుడు బోధ చేస్తున్నారు, నువ్వు ఉండు. కడుపు బాగాలేదా, ఇది తాగు, కానీ వెళ్ళు. చివరికి పౌలు జైల్లో ఉండి, చలికాలం లోపల రా, వచ్చేటప్పుడు ఫలానా వాళ్ళింట్లో నా అంగీ ఉండిపోయింది, పట్టుకురా అంటాడు. ఆదిమ సంఘపు నాయకుడు అంటే బట్టలు మోసుకొచ్చే కుర్రాడన్నమాట. ఈ సంగతి చార్టులో లేదు.

చార్టులో పెద్దక్షరాలతో రాసింది తిమోతి అవ్వ గురించి. విశ్వాసం మొదట అవ్వలో ఉండి, తర్వాత తల్లిలో ఉండి, ఆ తర్వాత తిమోతిలోకి వచ్చిందని పౌలు రాశాడు. పౌలు ప్రేమకొద్దీ గుర్తు చేసుకున్న మాట అది. మా పెద్దాయన దాన్ని ఉద్యోగ అర్హత చేశాడు. నాయకుడు కావాలంటే మూడు తరాల విశ్వాసం ఉండాలి, అవ్వ దగ్గర్నుంచి లెక్క అన్నాడు. ఆడిట్ చేసేవాడి బుద్ధి ఎక్కడికి పోతుంది?

ఇక చూడాలి మా హాల్లో. వారం తిరిగేసరికి అందరి అవ్వలూ విశ్వాసులైపోయారు. ప్రతి ఆరాధనలో సాక్ష్యాల సమయం ఉంటుంది, ఎవరైనా లేచి దేవుడు తమకి చేసిన మేలు చెప్పుకోవచ్చు. అప్పటిదాకా వీసాలు, ప్రమోషన్లు, నడుంనొప్పులు చెప్పుకునేవాళ్ళు ఒక్కసారిగా అవ్వల మీద పడ్డారు. ఒకాయన అవ్వ తెల్లవారుజామున మోకాళ్ళ మీద ఉండేదట. ఇంకొకాయన అవ్వ చదువు రాకపోయినా వాక్యం అప్పజెప్పేదట. మా ఆయన కూడా లేచి, వాళ్ళ నాయనమ్మ కన్నీటి ప్రార్థనల గురించి చెప్పాడు. ఆవిడ కన్నీళ్ళు పెట్టుకుంది నిజమే, కోడళ్ళు కంచంలో చేప ముక్క తక్కువ వేశారని. నేను కాపరానికి వెళ్ళాక చూసినవే అవి.

మా నాయనమ్మ నూకాలమ్మకి కోళ్ళు మొక్కుకునేది. ఆ సంగతి మా ఆయనకి తెలుసు, అందుకే నేను సాక్ష్యానికి లేవబోతే మోచేత్తో పొడిచాడు. అసలు ఆ హాల్లో ఉన్నవాళ్ళ అవ్వలందరూ ఏదో ఒక అమ్మవారికి మొక్కుకున్నవాళ్ళే. మేమంతా నిన్న మొన్న బాప్తిస్మం పుచ్చుకున్న కుటుంబాల వాళ్ళం. అందరికీ తెలుసు, అందరూ తల వంచుకుని స్తోత్రం అన్నారు.

దైవసేవకుడు రాబోయే వారానికి ముందు పెద్దాయన, మా ఆయన కలిసి ఆ కుర్రాణ్ణి మా ఇంటికి పిలిపించారు, సాక్ష్యం ఎలా చెప్పాలో నేర్పడానికి. నేను వంటగదిలో ఉల్లిపాయలు కోస్తూ విన్నాను.

"మీ అవ్వ ప్రార్థనాపరురాలు అని మొదలుపెట్టు బ్రదర్," అన్నాడు పెద్దాయన.

"మా యవ్వ గంగమ్మ భక్తురాలన్నా. జాతరకు అంబలి పోస్తాది."

"అది చెప్పనక్కర్లేదు. ప్రార్థనాపరురాలా కాదా?"

"ప్రార్థన అయితే చేస్తాది. గంగమ్మకు."

"ఎవరికి అనేది వదిలెయ్. ప్రార్థనాపరురాలు అను, చాలు. అబద్ధం కాదుగా?" అని మా ఆయన లాయరులా అందుకున్నాడు.

"ఇనేవాళ్ళు ఇంకొకటి అనుకుంటారు గదన్నా. నన్ను సాకింది ఆమె. ఆమె మింద అట్ల యెట్ల చెప్పేది?"

పెద్దాయన విసుక్కున్నాడు. ఇష్టం లేకపోతే నీ ఖర్మ అన్నాడు. పెద్ద బ్రదర్ నోటి నుంచి ఖర్మ అనే మాట రావడం నాకు చాలా ముచ్చటగా అనిపించింది. ఆ కుర్రాడు వెళ్ళేటప్పుడు వంటగది గుమ్మం దగ్గర ఆగి, అక్కా పొయ్యొస్తా అన్నాడు. చెప్పెయ్యరా, ఒక్క ముక్కే కదా, అవతల ఆడవాళ్ళు బల్ల కోసం చూస్తున్నారు అని నా నోటి దాకా వచ్చింది. అతని ముఖం చూసి అనలేకపోయాను.

దైవసేవకుడు వచ్చాడు. తెల్ల సఫారీ, బంగారు గడియారం. వచ్చిన మర్నాడే సెంటు సీసాలు ఎక్కడ చౌక అని నన్ను అడిగాడు. శుక్రవారం మా హాల్లో అడుగు పెట్టే చోటు లేదు. మొదట పెద్దాయన బావమరిది లేచాడు. అతని అవ్వ ఊరికంతటికీ ప్రార్థన నేర్పిందట, పాట పాడుతూ పాడుతూ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయిందట. ఆ అవ్వ పూనకాలకి పేరు మోసిన మనిషని, వేపమండలు పట్టుకుంటే నలుగురు మగవాళ్ళు పట్టలేకపోయేవారని పెద్దాయన భార్యే ఒకసారి నాతో కొత్తిమీర తుంచుతూ చెప్పింది. ఇప్పుడు ఆవిడ వైపు చూస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కార్పెట్ చూస్తోంది. దైవసేవకుడు మాత్రం కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

తర్వాత మా డ్రైవరు కుర్రాడు లేచాడు. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. వాళ్ళ అవ్వ గంగమ్మ భక్తురాలని మొదటి మాటలోనే చెప్పేశాడు.

"ఆమె రక్షణలోకి రాలేదా నాయనా?" అన్నాడు దైవసేవకుడు.

"రాలేదయ్యా. పిలిచినా. నీ దేవుడు నీకు, నా తల్లి నాకు, ఇద్దురూ కలిసి నిన్ను సూసుకుంటార్లే అనింది."

ఎవరో కిసుక్కున నవ్వారు.

"మరి నీకు విశ్వాసం ఎవరి దగ్గర్నుంచి వచ్చింది?"

"అన్నం పెట్టేటప్పుడు ముందు పక్కింటి పిల్లోళ్ళకు పెట్టి, మిగిలింది నాకు పెడతాండె అయ్యా మా యవ్వ. ఒగోసారి మిగలదు. ఆడి నుంచే వచ్చిందనుకుంటాండా."

దైవసేవకుడు పెద్దాయన వైపు చూశాడు. పెద్దాయన సీలింగు వైపు చూశాడు. మంచి కుర్రాడే, కానీ పునాది లేదు, ఒక ఏడాది ఆగుదాం అని దైవసేవకుడు తేల్చాడు. పెద్దలకి సమ్మతమేనా అంటే అందరికంటే ముందు మా ఆయన చెయ్యి లేచింది. బావమరిదిని మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, తల మీద అందరూ చేతులు పెట్టారు. అల్ రయ్యాన్‌కి కాపరి దొరికినందుకు స్తోత్రం చేశారు. ఆ కాపరికి అల్ రయ్యాన్ ఎటువైపుందో తెలియదు. టీ తాగుతూ మా ఆయన్నే అడిగాడు.

ఆ కాపరి మందని చూడ్డానికి ఎప్పుడూ వెళ్ళలేదు. మొదట ఎండలన్నాడు. తర్వాత రంజాన్, రోడ్ల మీద తిరగడం బాగుండదన్నాడు. తర్వాత కారు సర్వీసింగుకి ఇచ్చానన్నాడు. ఆ ఇంటి కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, చూస్తే తన పేరు పాడవుతుందన్నాడు. అయినా ప్రతి శుక్రవారం మా హాల్లో అల్ రయ్యాన్ సంఘం కోసం ప్రార్థించేవాడు, పిడికిళ్ళు బిగించి మరీ. ఈలోగా ఆ కుర్రాడు ఎప్పటిలాగే వచ్చేవాడు, గోడ వార కూర్చునేవాడు, పెద్దలకి మంచినీళ్ళు తెచ్చిచ్చేవాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నీకు రోషం లేదా?" అని అడిగాను ఒక రోజు.

"రోషం యాడ పెట్టుకునేదక్కా? కార్లో మేడం సామాన్లకే జాగా చాలదు," అని నవ్వాడు.

ఏడాది ఇంకా నిండలేదు, కోనసీమ ఆవిడ కాంట్రాక్టు అయిపోయింది. బొంబాయి మీదుగా ఊరికి వెళ్ళిపోతోందని తెలియగానే మా ఆయనలో సహోదర ప్రేమ పొంగింది. వాళ్ళమ్మకి ఒక పార్శిలు పంపాలి, నాలుగు సబ్బులు, ఒక దుప్పటి, పౌడరు డబ్బాలు. ఇన్నాళ్ళూ ఆవిడ ఉన్న ఇల్లు ఎక్కడో తెలియని మనిషి, పార్శిలు పట్టుకుని మధ్యాహ్నం ఎండలో విమానాశ్రయానికి బయల్దేరాడు. నేనూ వెళ్ళాను, ఆవిణ్ణి ఒక్కసారైనా చూద్దామని.

పార్కింగులో ఆ కుర్రాడు వాళ్ళ మేడం కారు పక్కన నిలబడి ఉన్నాడు. ఆవిణ్ణి దింపడానికి అతన్నే పంపారు. లోపలికి వెళ్ళడానికి ఇంకా టైముంది, బయట ఎండ మాడ్చేస్తోంది, ఏసీలో కూర్చోండన్నా అని తలుపులు తీశాడు. అతను స్టీరింగు ముందు, మా ఆయన అతని పక్క సీట్లో కూర్చున్నారు. నేను వెనక ఆవిడ పక్కన కూర్చున్నాను. చిన్న మనిషి, చేతుల నిండా నూనె కాలిన మచ్చలు. పార్శిలు తీసుకుని సంచిలో సర్దుకుంది.

"మా రయ్యానుకి పాస్టరు గారిని పెట్టారంట కదండి. ఎలాగుంటారండి ఆయన? వెళ్ళిపోతన్నాను, ఒక్కపాలి కూడా చూల్లేదు," అంది.

మా ఆయన అద్దంలోంచి నా వైపు చూసి, "బ్రదర్ కొంచెం బిజీగా ఉంటారమ్మా," అన్నాడు.

"లావుగా ఉంటాడు. అంతకంటే చెప్పడానికేం లేదు," అన్నాను నేను.

ఆవిడ నవ్వలేదు. ఒడిలో ఉన్న సంచి తెరిచి, దారిలో తినడానికి గుడ్డలో చుట్టుకున్న ఖుబ్బూస్ రొట్టె ఒకటి తీసింది. ఒక జ్యూస్ డబ్బా తీసింది. ముందు సీటు మీదుగా ఆ కుర్రాడికి అందించింది.

"తమ్ముడూ, నువ్వెట్టేయ్ బల్ల."

అతను స్టీరింగు వదల్లేదు. "నా మింద చేతులు పెట్టలేదక్కా," అని మా ఆయన వైపు చూశాడు.

"ఇది పద్ధతి కాదమ్మా. ఊరికి వెళ్ళాక మీ సంఘంలో తీసుకోవచ్చు," అన్నాడు మా ఆయన.

"ఆళ్ళ చేతులతో నాకేం పనండి?" అంది ఆవిడ. ఆ మాట మా ఆయనకి చెప్పిందో, ఆ కుర్రాడికి చెప్పిందో. "జొరమొచ్చి పడున్నప్పుడు బిళ్ళలట్టుకొచ్చింది ఈ చేతులేనండి. మా అబ్బాయి పోయాడని ఉత్తరమొత్తే అట్టుకుని చదివింది ఈ చేతులేనండి. ఇయ్యి చాలండి నాకు."

కొడుకు పోయిన సంగతి మాకెవరికీ తెలియదు. మా సంఘం వారం వారం ప్రార్థించిన మందలో ఒక మనిషి కొడుకు చచ్చిపోతే, ఆ కబురు మా హాలు దాకా రాలేదు. నాకు ఏడుపొచ్చింది, ఆ వెంటనే మా ఆయన మెడ వెనక వైపు చూస్తే అసహ్యం వేసింది.

కుర్రాడు రొట్టె తీసుకున్నాడు. కళ్ళు మూసుకుని ఏదో అన్నాడు, ఏసీ మోతలో నాకు సగమే వినపడింది. రొట్టె విరిచి ముందు ఆవిడకి పెట్టాడు. ఆవిడ రెండు చేతులూ చాచి తీసుకుని, కళ్ళకద్దుకుని, చాలాసేపు నమిలింది. తర్వాత నాకు పెట్టాడు. మూడో ముక్క విరిచాడు, అది తనకోసమే అనుకున్నాను. ఇంతలో పక్క సీట్లోంచి మా ఆయన చెయ్యి మెల్లగా అతని ముందుకొచ్చింది, అరచెయ్యి పైకి పెట్టి.

ఆ అబ్బాయి ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా అందులో రొట్టె ముక్క పెట్టాడు. నేనైతే పెట్టేదాన్ని కాదు.